ఎమ్మెస్‌తో కాపురం: మనసు జారిపోకుండా ఉండటానికి చిట్కాలు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అని డాక్టరు చెప్పి పంపాక ఇంట్లో మొదట వినిపించే మాట "ధైర్యంగా ఉండు". చెప్పేవాళ్ల ప్రేమలో వంకేమీ లేదు. కానీ కాళ్లు తిమ్మిరెక్కి, ఒక కన్ను మసకేసి, నాలుగడుగులు వేసేసరికి ఒంట్లో సత్తువంతా జారిపోయే మనిషి ఆ ధైర్యాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? ఈ జబ్బుతోనే చాలాకాలంగా బెజవాడలో ఇల్లు నడుపుకొస్తున్నాను. మనసు నిబ్బరంగా ఉండటమన్నది ఇంటి అమరికను బట్టి, రోజును పంచుకునే తీరును బట్టి, జబ్బు గురించి మనకు తెలిసిన నిజాన్ని బట్టి వస్తుందని నా నమ్మకం. అందుకే ఈ చిట్కాల్లో వంటగది, బాత్రూం, ఫ్రిజ్ ఎక్కువగా కనిపిస్తాయి. మందులు మార్చడం, ఆపడం మాత్రం మీ న్యూరాలజిస్టు చేతిలోనే ఉండాలి.

1. జబ్బేమిటో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పేయండి.

సగం సగం చెబితే మిగతా సగం వాళ్లే ఊహించుకుంటారు, ఆ ఊహ ఎప్పుడూ నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. మా అత్తయ్యకు నేను ఇలా చెప్పాను: "అత్తయ్యా, ఒంట్లోకి రోగం రాకుండా కాపలా కాసే వ్యవస్థే పొరబడి నా మెదడు మీదా, వెన్నుపాము మీదా, కంటి నరం మీదా దాడి చేస్తోంది. కరెంటు తీగ మీద తొడుగు ఉంటుంది చూడండి, అలాంటి పొర నరాలకీ ఉంటుంది. దాన్ని మైలిన్ అంటారు. అది ఎక్కడ చిరిగితే అక్కడ కబురు సరిగ్గా అందదు." ఆవిడకు వెంటనే అర్థమైంది. ఒకరికి చూపు, ఒకరికి నడక, ఇంకొకరికి మూత్రం మీద పట్టు ఎందుకు దెబ్బతింటాయో కూడా ఈ మాటతోనే తేలిపోతుంది.

ఇంకొన్ని సంగతులు కూడా చెప్పండి. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి దిష్టీ, ఎవరి పాపమూ కాదు. తిండిలో తేడా వల్ల వచ్చిందీ కాదు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంతర్జాతీయ ఎమ్మెస్ సమాఖ్య 2020లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మంది దీనితో బతుకుతున్నారు. నూటికి 85 మందికి మొదట్లో ఇది వచ్చిపోయే రకంగానే ఉంటుంది: ఎటాక్ వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ కొన్నాళ్లు నెమ్మదిగా గడుస్తుంది. చక్రాల కుర్చీ బొమ్మ తప్ప మరేదీ తోచని ఇంటివాళ్లకు ఈ చివరి మాట తప్పకుండా వినిపించాలి.

2. ఎండాకాలానికి ఉగాది నుంచే సిద్ధం కండి.

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, పొర చిరిగిన నరంలో కబురు నెమ్మదిస్తుంది. చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి, మాట తడబడుతుంది. జర్మనీకి చెందిన కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ శ్రమపడ్డాక చూపు మసకబారడాన్ని 1890లోనే గమనించి రాశాడు, అసలు కారణం వేడేనని తర్వాత తేలింది. ఎమ్మారై యంత్రాలు రాకముందు, అనుమానం ఉన్నవాళ్లను వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయేమో చూసేవారు కూడా.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఒళ్లు చల్లబడగానే ఈ ఇబ్బంది పోతుంది. వేడి వల్ల కొత్తగా నరం పాడవదు. ఈ ఒక్క సంగతి తెలియక మే నెలంతా "అయిపోయింది, ఇక మంచమే" అని కుమిలిపోయేవాళ్లు ఉంటారు. ప్రపంచ ఎమ్మెస్ దినం మే 30. మనకు అది రోళ్లు పగిలే రోహిణీ కార్తె. తెలుగునేల మీద ఉన్న ఎమ్మెస్ మనిషి ఆ రోజుల్లో చేయగలిగిన గొప్ప పని చల్లగా ఉండటమే.

పండగ తలంటుకు కాగే నీళ్లు పెట్టుకోకండి. నలుగు పెట్టుకోవచ్చు, కుంకుడుకాయ రుద్దుకోవచ్చు, నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉండాలి. ఆవిరి నిండిన స్నానాల గదిలోంచి లేచేటప్పుడే చాలామంది పడిపోతారు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే పోసుకోండి. వేసవిలో వంట ఉదయం ఎనిమిదిలోపు ముగించండి. మధ్యాహ్నం పొయ్యి దగ్గర బజ్జీలూ పూరీలూ పెట్టుకోవద్దు. చిన్న తువ్వాలును తడిపి, పిండి, ఫ్రిజ్‌లో ఉంచుకుంటే మెడ చుట్టూ వేసుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మణికట్ల దాకా చేతులు చల్లటి నీళ్లలో ముంచి కాసేపు కూర్చున్నా తేడా కనిపిస్తుంది. హైదరాబాద్ లాంటి పొడి ఎండకు కూలరు బాగా పనిచేస్తుంది, ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో ఏసీయే దిక్కు. ఇన్వర్టరు ఈ ఇంట్లో మందుల ఖర్చు కిందకే వస్తుంది, విలాసం అనుకోకండి. వేసవి పెళ్లిళ్లలో హోమగుండం పక్కన కూర్చోవాల్సిన పని ఉంటే ముందే చెప్పి తప్పుకుని, సాయంత్రం రిసెప్షనుకు వెళ్లి అక్షింతలు వేసి రండి.

కొందరికి చలిలో కండరాలు బిగుసుకుంటాయి. మీ ఒంటికి ఏది పడదో అదే చూసుకోండి.

3. రోజుకు ఒక పెద్ద పని మాత్రమే పెట్టుకోండి.

ఎమ్మెస్ ఉన్నవాళ్లలో నూటికి 80 మంది దాకా చెప్పే బాధ అలసట. ఇది పనిచేసి అలిసిపోయినప్పటి అలసట లాంటిది కాదు. రాత్రి బాగా నిద్రపోయి లేచినా పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి "బద్ధకం" అనే మాట పడుతుంది, ఆ మాట జబ్బు కన్నా ఎక్కువ కుంగదీస్తుంది.

బ్యాంకు పని ఉన్న రోజు బట్టలు ఉతకడం పెట్టుకోకండి. దోసెల పిండి రుబ్బే రోజున చుట్టాల్ని పిలవకండి. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక అరగంట నడుం వాల్చడాన్ని రోజూ చేసే పనుల్లో ఒకటిగా చేర్చుకోండి. ఒళ్లు మొరాయించాక పడుకోవడం వేరు, మొరాయించకముందే పడుకోవడం వేరు. రెండోదానితో సాయంత్రం మిగులుతుంది. పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి మొహంలో నవ్వు ఉండాలంటే నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

అలసట మరీ ఎక్కువగా ఉంటే రక్తహీనత, థైరాయిడ్, నిద్ర సరిగ్గా లేకపోవడం, వాడుతున్న మందులు, వీటిలో ఏదైనా కారణమేమో డాక్టరును అడగండి. సరిదిద్దుకోగలిగిన కారణం దొరికితే సగం బరువు దిగుతుంది.

4. వంటగదిని కూర్చుని పనిచేసేలా మార్చుకోండి.

గట్టు ఎత్తుకు సరిపోయే స్టూలు ఒకటి, వెనక ఆనుకునే వీలున్నదైతే మరీ మంచిది. కత్తిపీట ముందు నేల మీద కూర్చుంటే లేవడమే పెద్ద పనైపోతుంది. కూరగాయలు డైనింగ్ టేబుల్ మీద, ఫ్యాను కింద తరుక్కోండి. వేళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు చాకు బదులు తాడు లాగితే ముక్కలు చేసే డబ్బా వాడితే వేళ్లు క్షేమం.

వేడి గిన్నెల దగ్గర ఇంకా జాగ్రత్త. వేడి తగిలినట్టు తెలియకముందే చర్మం కాలిపోతుంది. పాలగిన్నె దించే ముందు పట్టకారు చేతిలో ఉందో లేదో కళ్లతో చూసుకోండి, చేతిని నమ్మకండి. స్నానానికి నీళ్లు తొరుపుకునేటప్పుడు కూడా స్పర్శ బాగా ఉన్న చేత్తోనో మోచేత్తోనో చూడండి. పప్పులు, ఉప్పు, నూనె నడుము ఎత్తులో ఉన్న అరలోకి దించండి. బియ్యం డబ్బా ఎత్తే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించేయండి. గాజు సీసాలన్నీ తీసేసి తేలికపాటి డబ్బాలు పెట్టుకుంటే, చేయి వణికినా పగిలేదేమీ ఉండదు. పగిలిన సీసా ముందు నిలబడి ఏడ్చే సందర్భం ఒకటి తగ్గుతుంది.

5. పండగ పనుల్ని పంచేయండి, పండగను మాత్రం వదులుకోకండి.

సంక్రాంతి ముగ్గు వంగి వేయలేకపోతే కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చోండి. చుక్కలు మీరు చెప్పండి, పిల్లలు పెడతారు. అరిసెలు స్వగృహ దుకాణంలో కొనుక్కోవచ్చు. అట్లతద్దికీ, వరలక్ష్మీ వ్రతానికీ ఉపవాసం ఒంటికి పడకపోతే, మందులు వేసుకునే మనిషి తినాలని ఇంట్లో పెద్దవాళ్లతోనే చెప్పించుకోండి. పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చిన మాటకు చుట్టుపక్కల ఎవరూ ఎదురు చెప్పరు.

6. గోడకు ఒక క్యాలెండరు, దాని పక్కన ఒక పెన్ను.

కొత్త తిమ్మిరి వచ్చిన రాత్రి నిద్ర పట్టదు. మళ్లీ ఎటాకేమో అన్న భయం. ఆ భయాన్ని తగ్గించేది తేదీలు రాసిపెట్టుకునే అలవాటే. డాక్టర్లు రిలాప్స్ అని పిలిచే ఎటాక్‌కు గుర్తులున్నాయి: కొత్త లక్షణమో, పాతదే బాగా ముదరడమో 24 గంటలకు మించి ఉండాలి, జ్వరమూ ఇన్ఫెక్షనూ కారణం కాకూడదు. గంటసేపు వచ్చి పోయింది చాలాసార్లు ఎటాక్ కాదు. ఎండవల్లో, నిద్ర చాలకో, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లో పాత బాధ తిరిగి పైకి వచ్చి ఉండవచ్చు. మూత్రంలో మంట లేకుండా కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు కాబట్టి ముందు ఆ పరీక్ష చేయిస్తారు.

ఒక రోజు దాటినా తగ్గకపోతే డాక్టరుకు ఫోను చేయండి. చూపు పోయినా, కాలు కదలకపోయినా, నోరు వంకరపోయినా, మాట పడిపోయినా గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి, అది పక్షవాతం కూడా కావచ్చు. నిజంగా ఎటాకే అయితే సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను సెలైన్‌లో మూడు నుంచి ఐదు రోజులు ఇస్తారు. ఆ రోజుల్లో నిద్ర రాకపోవడం, చిరాకు, ఊరికే ఏడుపు రావడం మందు వల్లేనని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

7. మందు గురించి ఆశగా మాట్లాడండి, ఆశకు ఆధారం ఉంది.

పారిస్ వైద్యుడు షార్కో 1868లో ఈ జబ్బుకు రూపురేఖలు గీశాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని దారి మళ్లించే మందు ఒక్కటీ లేదు. 1993లో అమెరికాలో మొదటి ఇంటర్‌ఫెరాన్‌కు అనుమతి వచ్చింది. ఇప్పుడు ఇంజెక్షన్లు, మాత్రలు, ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కించేవి కలిపి ఎన్నో రకాలున్నాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఎమ్మెస్ కోసం క్లాడ్రిబిన్, గ్లాటిరమర్, రిటుక్సిమాబ్‌లను చేర్చింది. ఇవేవీ జబ్బును పూర్తిగా మాన్పవు. ఎటాకుల సంఖ్యను తగ్గిస్తాయి, వైకల్యాన్ని వెనక్కి నెడతాయి. మనకన్నా ముందు తరంలో ఈ జబ్బు పడినవాళ్లకు ఆ మాత్రం కూడా దొరకలేదు.

ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఇంజెక్షన్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. డీప్ ఫ్రీజరులో పెట్టకూడదు, తలుపు అరలోనూ వద్దు. తలుపు తెరిచినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. మూత ఉన్న డబ్బాలో, మధ్య అరలో, పచ్చిమిరపకాయలకు దూరంగా ఉంచండి. కరెంటు పోయినప్పటి కోసం చిన్న థర్మోకోల్ పెట్టె, ఐస్ ప్యాకు సిద్ధంగా ఉంచుకోండి, ప్యాకు మందుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి. ఇంజెక్షన్ ఈసారి కుడి తొడ, వచ్చేసారి ఎడమ తొడ, ఆ తర్వాత పొట్ట అని క్యాలెండరు మీదే రాసుకుంటే ఒకేచోట గడ్డకట్టదు. బాగున్నామని మందు ఆపేయకండి. బాగుండటం ఆ మందు పనే కావచ్చు.

8. బాత్రూంలో ఖర్చుకు వెనకాడకండి.

గోడకు రెండు స్టీలు పట్టుగొట్టాలు, జారని మ్యాటు, కూర్చునే కమోడు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. గడియ లోపలి నుంచి వేసుకోవద్దు, "లోపల ఉన్నాను" అని ఒక చీటీ తగిలించండి చాలు.

మూత్రం ఆపుకోలేకపోవడం గురించి చాలామంది డాక్టరుకు కూడా చెప్పరు. సిగ్గుపడి నీళ్లు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్ వస్తుంది, దానితో నడక కూడా దెబ్బతింటుంది. నీళ్లు తాగాల్సిందే. రాత్రి పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించండి. కాఫీ, టీ ఎన్నిసార్లో చూసుకోండి. దీనికి మందులున్నాయి, కటి కండరాల వ్యాయామాలున్నాయి. పెళ్లిళ్లకూ గుళ్లకూ వెళ్లడం మానేసినవాళ్లలో చాలామందిని ఇంట్లో కూర్చోబెట్టింది కాళ్లు కాదు, ఈ భయమే. రైల్లో కింది బెర్తు, టాయిలెట్‌కు దగ్గరగా ఉండేలా చూసుకోండి. సంచిలో ఒక జత బట్టలు, ప్యాడ్లు ఉంటే మనసు ప్రయాణం మీదకు పోతుంది.

9. చల్లని పూట కాసేపు ఒళ్లు కదిలించండి.

ఒకప్పుడు ఎమ్మెస్ ఉన్నవాళ్లను వ్యాయామం చేయవద్దనేవారు. 1996లో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 15 వారాల పాటు వ్యాయామం చేయించి చూస్తే సత్తువ పెరగడంతోపాటు దిగులూ కోపమూ కూడా తగ్గినట్టు తేలింది. తెల్లవారుజామున మేడ మీద నడక, కుర్చీలో కూర్చుని చేసే ఆసనాలు, దగ్గర్లో ఉంటే ఈతకొలను. చల్లటి నీళ్లలో ఒళ్లు వేడెక్కదు కాబట్టి ఈత మనకు ప్రత్యేకంగా కలిసొస్తుంది. తూలుడు ఉన్నవాళ్లు గోడ పక్కనే చేయండి. మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఏ కండరం బిగుసుకుపోయిందో, ఏది సడలిందో తేడా తెలుస్తుంది.

10. ఏడుపు వస్తే ఏడవండి. రెండు వారాలైనా ఆగకపోతే డాక్టరుకు చెప్పండి.

ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌లో పడతారు. కారణం కష్టాలు మాత్రమే కావు. మెదడులో జరుగుతున్న నష్టమే మనసునూ లాగుతుంది, కొన్ని మందులూ తోడవుతాయి. కాబట్టి దిగులును మనోబలం తక్కువవడం అనుకోవడం అన్యాయం. చూపు మసకబారితే ఎలా చెబుతామో, పొద్దున లేవబుద్ధి కాకపోతే కూడా అలాగే చెప్పాలి. నిద్ర, ఆకలి, ఇష్టమైన పని మీద ఆసక్తి, మూడూ పోతే అది వైద్యం చేయించుకోవాల్సిన సంగతి. కౌన్సెలింగూ మందులూ బాగా పనిచేస్తాయి.

ఇంకో రకం ఏడుపు ఉంది. బాధ లేకుండానే తన్నుకొస్తుంది, లేదా నవ్వకూడని చోట నవ్వు వచ్చి ఆగదు. పరామర్శకు వెళ్లిన ఇంట్లో ఇలా జరిగితే చచ్చేంత సిగ్గేస్తుంది. ఇదీ నరాల జబ్బులో భాగమే, దీనికీ మందుంది.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఎవరినైనా లేపండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ నంబరును ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడే రాసి అంటించండి.

11. సలహాలకు ఒక జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

"చూడ్డానికి బాగానే ఉన్నావుగా!" అంటారు. "అవును పిన్నీ, లోపల నరాల్లో ఉంది, బయటికి కనిపించదు" అని చెప్పి మాట మార్చేయండి. వాదించి గెలిచినా అలసటే మిగులుతుంది. "ఫలానా ఊళ్లో పసరు పోస్తారు" అన్నవాళ్లకు "మా డాక్టరుని అడిగి చెబుతాను బాబాయ్" అనండి.

ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులూ కషాయాల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. మన బాధే ఇమ్యూనిటీ దారి తప్పడం. ఇమ్యూనిటీకని తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల గురించి ముంబై వైద్యులు 2021లో రాశారు. ఎమ్మెస్ మందుల్లో కొన్నింటికి ఎలాగూ కాలేయ పరీక్షలు చేయిస్తుంటారు. ఆయుర్వేదమైనా హోమియో అయినా, ఏది మొదలుపెట్టినా న్యూరాలజిస్టుకు పేరు చెప్పి మొదలుపెట్టండి. రోగం పూర్తిగా మాయం చేస్తామని గ్యారంటీ ఇచ్చే చోటికి డబ్బు తీసుకెళ్లకండి. బంగారం తాకట్టు పెట్టి మరీ మోసపోయిన ఇళ్లు ఉన్నాయి, తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

12. రాత్రిపూట ఫోనులో ఈ జబ్బు పేరు వెతకవద్దు.

పగలు, ఇంకొకరు పక్కన ఉండగా చూడండి. మనుషులతో మాట్లాడాలనిపిస్తే 1985 నుంచి పనిచేస్తున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది, హైదరాబాద్‌లోనూ దానికి శాఖ ఉంది. ఇదే జబ్బుతో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉన్న మనిషి గొంతు ఒక్కసారి వింటే వచ్చే ఊరట, ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా చెప్పినా రాదు.

13. పెళ్లి, పిల్లల విషయంలో నిజం తెలిసినవాళ్లనే అడగండి.

ఎమ్మెస్ ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టకపోవడం ఉండదు. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉన్నా, నూటికి 97 మందికి పైగా పిల్లలకు రాదని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఐరోపాలో 254 మంది తల్లుల్ని గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో ఎటాకులు బాగా తగ్గాయి. కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో పెరిగాయి. కాబట్టి బాలింతగా ఉన్నప్పుడు పుట్టింటి సాయం ఎక్కువ రోజులు ఉండేలా చూసుకోవాలి. కొన్ని మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి, అందుకే పిల్లల ఆలోచన రాగానే, గర్భం రాకముందే డాక్టరుకు చెప్పాలి.

పెళ్లి సంబంధం కుదిరేముందు జబ్బు సంగతి చెప్పాలా? చెప్పాలి. దాచి చేసిన పెళ్లిలో ఇంజెక్షన్ కూడా దాచుకునే వేసుకోవాలి. ఆ బతుకు ఏ ఆడపిల్లకూ, ఏ మగపిల్లాడికీ వద్దు. పడకటింట్లో ఆసక్తి తగ్గడం, స్పర్శ తెలియకపోవడం కూడా నరాల వల్ల వచ్చేవే. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి డాక్టరుతో మాట్లాడండి.

14. వైకల్య సర్టిఫికెట్ తీసుకోవడానికి చిన్నతనపడకండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుతో సహా ఉంది. మెడికల్ బోర్డు పరీక్షించి శాతం వేస్తుంది, 40 శాతం, అంతకు మించి ఉంటే చాలా ప్రయోజనాలకు అర్హత వస్తుంది. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. మన జబ్బు ఒకరోజు ఒకలా ఉంటుంది కాబట్టి బోర్డు ముందుకు ఎమ్మారై రిపోర్టులు, ఎటాకుల తేదీలు రాసిన క్యాలెండర్లు తీసుకెళ్లండి. ఇంతకుముందు తీసుకున్న క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఏదైనా బీరువాలో ఉంటే తీసి చదవండి, అలాంటి పాలసీల జాబితాలో ఎమ్మెస్ ఉంటుంది.

ఆఫీసులో జాలి అడగవద్దు, అమరిక అడగండి: ఏసీ దగ్గర సీటు, కింది అంతస్తు, మధ్యాహ్నం కాసేపు విరామం, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పని.

15. గుర్తుండటం లేదని కంగారుపడకుండా చోట్లు కేటాయించండి.

తాళాలు ఒకే మేకుకు, కళ్లజోడు ఒకే గిన్నెలో. పాలు పొయ్యి మీద పెట్టగానే ఫోనులో గంట పెట్టండి. గ్యాసు కట్టేశామో లేదో అనుమానం వస్తే కట్టేసిన నాబ్‌ను ఫొటో తీసుకుని బయల్దేరండి. రెండు పనులు ఒకేసారి చేయడం ఈ మెదడుకు పడదు. టీవీ ఆపి మాట్లాడండి.

16. చూసుకునేవాళ్లకు ఒక మాట.

చేతిలో పని లాక్కోకండి. "ఏం చేయమంటావు?" అని అడగండి. గ్లాసు మోసుకురావడానికి జబ్బు మనిషికి మూడు నిమిషాలు పట్టినా తెచ్చుకోనివ్వండి. మా ఆయన మొదట్లో నన్ను మంచం దిగనిచ్చేవారు కాదు. ఇప్పుడు బజారుకు వెళ్లేటప్పుడు చెయ్యి చాపి ఊరుకుంటారు, పట్టుకోవాలో వద్దో నేను తేల్చుకుంటాను. పిల్లలకు వయసుకు తగినట్టు నిజం చెప్పండి. చెప్పకపోతే తమ అల్లరి వల్లే అమ్మకు జబ్బు చేసిందనుకుంటారు. ఇక మీరు, వారంలో ఒక పూట ఈ ఇంటి గోల వదిలి స్నేహితుల దగ్గరికో సినిమాకో వెళ్లి రండి. ఆ పూట ఉండటానికి ఆడపడుచునో, పక్కింటావిడనో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

17. ఇష్టమైన పనిని మానకండి, చేసే తీరు మార్చండి.

పుస్తకం చదివేటప్పుడు కళ్లు అలిసిపోతుంటే ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. సన్నసూది పట్టు దొరకకపోతే లావు ఊలు, లావు సూది. మొక్కలంటే ప్రాణమైతే మిద్దె మీద నడుము ఎత్తు బల్ల వేసి సంచుల్లో పెంచండి. నా బల్ల మీద ఇప్పుడు గోంగూర, పుదీనా, రెండు వంగమొక్కలు ఉన్నాయి. గోంగూర ఆకు గిల్లడానికి వేళ్లలో పెద్ద బలం అక్కర్లేదు. కాడ ఎక్కడ లేతగా ఉందో బొటనవేలికి తెలియని రోజున మా అమ్మాయి గిల్లుతుంది, నేను పక్కన కూర్చుని ఏ కొమ్మ అన్నది చెబుతాను.

18. కొత్తగా బయటపడిందా? మొదటి ఏడాది పెద్ద నిర్ణయాలు వాయిదా వేయండి.

ఉద్యోగానికి రాజీనామా, ఇల్లు అమ్మడం, పెళ్లి రద్దు, చదువు మానేయడం, వీటిలో ఏదీ ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలో తేల్చాల్సింది కాదు. మొదటి ఎటాక్ ఎంత భయపెట్టినా, దాని తర్వాత చాలామందికి చాలావరకు ఒళ్లు తేరుకుంటుంది. సెలవు పెట్టండి, రాజీనామా పెట్టకండి. ఎమ్మారై ఫిల్ములు, వెన్నునీటి పరీక్ష రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టి, వచ్చేసారి డాక్టరును అడగాల్సిన మూడు ప్రశ్నలు దాని అట్ట మీదే రాసుకోండి: నాది ఏ రకం, ఏ మందు ఎప్పుడు మొదలుపెడదాం, ఏం జరిగితే మీకు వెంటనే ఫోను చేయాలి.